దేవ్‌సింగ్ నాయక్ కోపం

ములకలపల్లి నుంచి అడవిలోకి పోయే బండ్లబాట రెండు వాగులు దాటి ఎడమకు మళ్ళే చోట రాళ్ళవాగు తండా ఉండేది. 'ఉండేది' అని రాయవలసి రావడం నాకు ఇష్టం లేదు. కాని క్రియకు కాలం నిశ్చయమైన తరువాత రాసేవాడి ఇష్టంతో దానికి పని లేదు. ఇప్పుడక్కడ జామాయిలు తోట ఉన్నది.

డెబ్బయ్యవ దశకం నడుమ నేను ఆ తండా బడికి ఏకైక ఉపాధ్యాయుడినై వెళ్ళాను. బడి అంటే నాయక్ ఇంటి పక్కన వేసిన తాటాకు పందిరి. వానాకాలంలో పిల్లలూ నేనూ నల్లబల్లా కలిసి నాయక్ ఇంటి వసారాలోకి మారేవాళ్ళం. అందుచేత ఆ ఇంట్లో జరిగేదంతా మా ఎదుటే జరిగేది. నేను గుణింతాలు చెప్తుండగా ఆ పక్కనే పంచాయితీ నడిచేది. పిల్లలు అక్షరాలు వదిలేసి తీర్పు వినేవాళ్ళు. వాళ్ళను నేను గట్టిగా మందలించలేదు. నా చెవీ అటే ఉండేది.

నాయకుడు అనే మాటకు మూలమైన ధాతువుకు తీసుకొనిపోవడం అని అర్థం. ఎక్కడికి తీసుకొనిపోవాలో ఆ ధాతువు చెప్పదు. తండాలలో నాయక్ అనేది తండ్రి నుంచి కొడుక్కు వచ్చే పెద్దరికం. పెళ్ళి మాట కుదరాలన్నా, ఎద్దు పక్కవాడి చేనులో పడినా, అన్నదమ్ములు నీళ్ళ దగ్గర మాటా మాటా అనుకున్నా నాయక్ ముంగిట కూర్చోవలసిందే. పోలీసు స్టేషను మెట్లు ఎక్కడం ఆ తండాలో అవమానంగా ఎంచేవారు. ఇన్ని తగవులు ఒక మనిషి మీదుగా ప్రవహించేటప్పుడు ఆ మనిషి లోపల ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు. దేవ్‌సింగ్ ఆలోచించాడు. అతడి కథ చెప్పుకోదగినది కావడానికి అదే కారణం.

పొడగరి. ఎముకల మనిషి. గొంతు మాత్రం మెత్తన. తలకు మూరల కొద్దీ పొడవున్న ఎర్రటి పాగా. నేను చేరిన కొత్తలో ఒక పంచాయితీ చూశాను. లాలు అనేవాడి మేకలు రూప్‌సింగ్ కందిచేను మేశాయి. రూప్‌సింగ్‌కు ఎడమ చెవి వినిపించదు. అతడు కుడి చెవి ముందుకు పెట్టి కూర్చున్నాడు. లాలు నోటి దురుసు మనిషి.

"మేకలకు హద్దు రాయి కనిపిస్తదా నాయక్? నీకు కనిపిస్తదా? నీ బర్రె నిరుడు నా పొద్దుతిరుగుడు మేసినప్పుడు నీ తీర్పు ఏడ పండుకున్నది?"

నలుగురూ నవ్వారు. దేవ్‌సింగ్ మెల్లగా పాగా విప్పాడు. విప్పగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చుట్ట పీల్చేవాడు చుట్ట పక్కన పెట్టాడు. ఎండు కట్టెలు విరుస్తున్న ఒక ముసలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకున్నది. దేవ్‌సింగ్ ఆ గుడ్డను దులిపి, ఒక కొసను పళ్ళ మధ్య పట్టుకొని, రెండు చేతులూ తలపైకి ఎత్తి, ఒక్కొక్క చుట్టే చుట్టుకొన్నాడు. చివరి చుట్టు దోపుకొన్న తరువాత నోరు విప్పాడు.

"బర్రె మేసింది నిజం. దానికి నేను నీకు ఏమియ్యలే. అదీ నిజం. ఇయ్యాల నా బర్రె లెక్క, నీ మేకల లెక్క రెండూ తెంపుదాం."

లాలు తల గోక్కుని, "నాయక్‌వి నువ్వు కాదు, నీ పాగా," అన్నాడు. ఈసారి దేవ్‌సింగ్ కూడా నవ్వాడు.

తరువాత నాకు తెలిసింది, అది ఆ తండాలో కట్టుబాటు అని. నాయక్ పాగా విప్పితే తిరిగి చుట్టుకొనే దాకా ఎవరూ మాట్లాడకూడదు, అడుగు కదపకూడదు. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు; అతడు అడగకుండా, ఎవరూ చెప్పకుండా ఏళ్ళ మీద ఏర్పడింది. పక్క తండాలవాళ్ళు దీనిని చెప్పుకొని ఎగతాళి చేసేవాళ్ళు. సంతలో ఇద్దరు కొట్లాడుకుంటే, "రాళ్ళవాగుకు పోండిరా, పాగా విప్పుతడు," అనేవాళ్ళు.

ఒక సాయంత్రం వసారాలో కూర్చొని ఉండగా నేనే అడిగాను.

"నేను ముందుగాల గిట్ల లేను సారూ," అన్నాడు దేవ్‌సింగ్. "మా బాపు పోయి నేను నాయకైన ఏడు, పంచాయితిల రూప్‌సింగ్ నన్ను ఒక మాటన్నడు. ఏం మాటనో ఇప్పుడు యాదికి లేదు. లేచి చెంప మీద కొట్టిన. ఒక్కటే దెబ్బ. చెవిల నుంచి నెత్తురొచ్చింది. ఆ చెవి ఇంక పలుకలే."

"తరువాత?"

"తరువాత ఏముంది. నాయకు కొట్టిండు గదా, నాయకు మీద పంచాయితి ఎవరు పెడ్తరు? రూప్‌సింగే వచ్చి నా కాళ్ళు మొక్కి తప్పయిందన్నడు. గప్పుడు సిగ్గయింది సారూ. చెవి పోయింది వానిది, తప్పయిందన్నది వాడు."

అప్పటినుంచి అతడు తన ఒంటిని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాడు. తెలుగులో మనం 'నాకు కోపం వచ్చింది' అంటాము. ఆకలి, నిద్ర, జ్వరం, కోపం, ఇవన్నీ మన దగ్గరకు వస్తాయి. మనం చేసేవి కావు. నేను ఆ వాక్యాన్ని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను, కాని వచ్చేది ఏ దారిన వస్తుందో చూడాలని నాకు తోచలేదు. దేవ్‌సింగ్ చూశాడు.

"ముందు కడుపుల బిగుసుకుంటది," అన్నాడు, బొడ్డు మీద చెయ్యి పెట్టి. "గప్పుడు మనిషి ఇంకా మనిషే. ఆ తరువాత చెవులు వేడెక్కుతయి. ఆడిదాంక కూడ పర్వాలే. అరచేతులల్ల తిమ్మిరెక్కిందంటె, ఇగ నాకు నేను దక్క. అందుకే కడుపుల బిగువు పట్టంగనే పాగా తీస్త. కొస పంటి కింద ఉంటె తిట్టరాదు. చేతులు నెత్తి మీద ఉంటె కొట్టరాదు. చుట్టుడు అయిపోయేటాలకు కడుపు వదులైతది."

లోపలి నుంచి అతడి భార్య ద్వాలి వింటున్నది. ఆమె నవ్వుతూ బయటికి వచ్చి గడపలో నిలబడింది. "పంచాయితిల మంచిగనే ఉంటది సారూ. ఇంట్ల బియ్యం అయిపోయినయంటె కూడ పాగా విప్పుతడు. చుట్టుకుంటె బియ్యమొస్తయా?"

"నిన్ను చూసి విప్పుత," అన్నాడు దేవ్‌సింగ్.

"అవ్, నన్ను చూసే. నా మీద కోపం నా మీద చూపియ్యక, రాత్రంత మెడ పట్టిందని నాతోని రుద్దిచ్చుకుంటడు. వదులైతదంట కడుపు. ఆడ వదులైంది ఏడికి పోతుందో నాకు ఎరుక, ఈ మెడలకు వస్తది."

ఆ మాట నేను అప్పుడు పరిహాసంగానే విన్నాను. తలనొప్పి అతడికి చాలా ఏళ్ళుగా ఉన్నదని, వేపాకు ముద్ద కట్టుకొని పడుకొంటాడని ద్వాలి తరువాత చెప్పింది. అయినా అతడి చేతిలో పదేళ్ళకు పైగా ఆ తండాలో ఒక్క దెబ్బ పడలేదు. నేను పని చేసిన బడుల పెద్దలను ఎందరినో చూశాను. పై అధికారి మాట పడి వచ్చి తరగతిలో పిల్లల మీద తీర్చుకొన్నవాళ్ళను చూశాను. ఏ శిక్షణా లేని దేవ్‌సింగ్ తనకు వచ్చినదానిని తన దగ్గరే ఆపుకొన్నాడు. అది గొప్ప సంగతి అని ఇప్పటికీ అనుకుంటాను. అది చాలదని కూడా ఇప్పుడు తెలుసు.

బసవపున్నయ్య సత్తుపల్లి వైపు నుంచి వచ్చినవాడు. చెడ్డవాడని మొదటే చెప్పడానికి నాకు మనస్కరించదు. మెత్తగా మాట్లాడేవాడు, బడికి సుద్దముక్కల పెట్టె ఇచ్చినవాడు కూడా. తండాకు దిగువన ఉన్న భూమిని ఎవరి దగ్గరో కొన్నానని అతడు అనేవాడు. ఆ భూమిలో అడవి కొట్టి, మోళ్ళు పీకి, రాళ్ళు ఏరి సాగు చేసింది తండావాళ్ళు. వాళ్ళ తాతల కాలంలో కాగితం అడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు. తగవు పై ఆఫీసుదాకా పోయింది. అక్కడ వాళ్ళొక మాట చెప్పారు: గిర్దావరు వచ్చి చూస్తాడు, ఎవరి పంట నిలబడి ఉంటే వాళ్ళ సాగు కింద రాసుకొనిపోతాడు. గిర్దావరు అంటే ఊరూరా తిరిగి భూముల సాగు చూసే రెవెన్యూ ఉద్యోగి.

కనుక ఆ ఏడు, అంటే ఎనభయ్యవ దశకం మొదట్లో, తండా బతుకంతా ఒక మొక్కజొన్న పంట మీద నిలిచింది. గిర్దావరు వచ్చే దాకా అది నిలబడి ఉంటే భూమి వాళ్ళది. లేకుంటే కాదు. ఇంతకంటే వివరించవలసిన పని లేదు.

దేవ్‌సింగ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అతడి తమ్ముడి కొడుకు జైరాం అప్పటికి పాతికేళ్ళవాడు, చురుకైనవాడు, గొడ్డలి పదును పెట్టి ఉంచాడు.

"గొడ్డండ్లు ఇంట్ల పెట్టుర్రి," అన్నాడు దేవ్‌సింగ్. "ఒక్కని మీద చెయ్యి పడితె కేసయితది. కేసయితె గిర్దావరు రానే రాడు. వాళ్ళు ట్రాక్టరు తోలుకొస్తె, ఆడోళ్ళు మొగోళ్ళు అందరం పోయి దాని ముంగట కూసుందాం. మనుషుల మీదికి ఎక్కియ్యరు."

"ఎక్కిస్తే?" అన్నాడు జైరాం.

"ముందు నా మీద ఎక్కియ్యాలె. నేను ముందుంట. నేను చెయ్యి ఊపినంక మీరు రావాలె. ఎవ్వడు ముందుకు ఉరుకొద్దు. నువ్వయితె అసలే."

"పెద్దబాపు, నువ్వు పాగా చుట్టుకునేటాలకు వాళ్ళు సగం దున్నిపోతరు," అన్నాడు జైరాం. అందరూ నవ్వారు. దేవ్‌సింగ్ అతడి నెత్తి మీద ఒకటి మొట్టాడు, ముద్దుగా.

ఆ రోజులలోనే అతడు నాతో ఒక వింత సంగతి అన్నాడు. బడి వదిలాక వసారాలో ఒక్కడే కూర్చొని ఉన్నాడు. పాగా ఒళ్ళో ఉన్నది. పంచాయితీ లేదు, ఎదురుగా మనిషి లేడు.

"ఎవరి మీద నాయక్?" అన్నాను నవ్వుతూ.

"అదే తెలుస్తలేదు సారూ. ఈ మధ్యన ఊకెనే కోపమొస్తుంది. కుడి అరచెయ్యి తిమ్మిరెక్కుతది. చెవులు గుంయ్యిమంటయి. ఎవరి మీదనో చూద్దామంటె ఎవ్వరు లేరు. బసవపున్నయ్య మీదనేమో మరి, లోపట్నే ఉన్నదేమో."

"కడుపులో బిగువు?"

అతడు బొడ్డు మీద చెయ్యి పెట్టి చూసుకొన్నాడు. "లేదు. కడుపుల ఏం లేదు. సీదా చేతికే వస్తుంది."

కొత్తగూడెం పోయి దవాఖానాలో చూపించుకొమ్మన్నాను. ద్వాలి అంతకుముందే చెప్పి చెప్పి విసిగిపోయింది. ఆమె ఒకరోజు అతడి మూట కట్టి గుమ్మంలో పెట్టింది కూడా. అతడు మూట విప్పి పంచెను దండెం మీద ఆరేశాడు.

"గిర్దావరు వచ్చిపోని," అన్నాడు. "ఇప్పుడు నేను బస్సెక్కిన్నంటె, నాయక్ ఎటో పోయిండంటరు. ఇయ్యాల ఒక్కడు భయపడితె రేపు అందరు భయపడ్తరు. ఇది కోపమే సారూ, నాకు ఎరుక లేదా. ఇన్నేండ్ల సంది చూస్తున్న దీన్ని."

తన ఒంటిని చదవడం నేర్చుకొన్న మనిషి అతడు. కాని అతడు నేర్చుకొన్నది ఒక్కటే పాఠం. ఒళ్ళు ఏమి చెప్పినా ఆ పాఠంగానే చదివాడు. ఆయాసమైనా, తిమ్మిరి అయినా, కళ్ళ ముందు చీకట్లు అయినా అన్నిటికీ పెట్టిన పేరు కోపం. అన్నిటికీ చేసిన వైద్యం పాగా. ఒక్క అక్షరం మాత్రమే తెలిసిన పిల్లవాడు పుస్తకంలో ప్రతి అక్షరాన్నీ అదేననుకోవడం నేను తరగతిలో చూశాను. ఆ పిల్లవాడిని దిద్దవచ్చు. అన్నేళ్ళు తండాను నడిపిన మనిషిని ఎవరు దిద్దుతారు?

ట్రాక్టర్లు వచ్చిన రోజున నేను తండాలో లేను. ఉపాధ్యాయులకు పెట్టిన శిక్షణ కోసం కొత్తగూడెంలో ఉన్నాను. జరిగినది జైరాం నోట, ద్వాలి నోట విన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరూ చెప్పినది ఒక్కటే గనుక నమ్ముతున్నాను.

గిర్దావరు మర్నాడు రావలసి ఉన్నది. పొద్దెక్కే వేళకు దిగువ బాట మీద రెండు ట్రాక్టర్లు కనిపించాయి. జీపులో బసవపున్నయ్య. తండా అంతా చేను గట్టుకు చేరింది. అనుకొన్నట్టే గొడ్డళ్ళు ఇంట్లో ఉన్నాయి. దేవ్‌సింగ్ అందరికంటే ముందుకు నడిచి, చేనుకూ బాటకూ నడుమ ఒంటరిగా నిలబడ్డాడు. అతడి వీపు మాత్రమే తండావాళ్ళకు కనిపిస్తున్నది.

బసవపున్నయ్య దిగి దగ్గరకు వచ్చాడు.

"ఏంటయ్యా నాయకా, జాతరకొచ్చినట్టు వచ్చారంతా? నా భూమి నేను దున్నుకుంటానంటే ఇంతమంది అక్కర్లేదు. కంకులు కావాలంటే కోసుకెళ్ళండి, నేనేమీ అనను. నీకు తెలీనిది కాదు, పెద్దమనిషివి."

దేవ్‌సింగ్ ఏదో అన్నాడు. అటు తిరిగి ఉన్నందున ఏమన్నాడో గట్టు మీదివాళ్ళకు వినిపించలేదు. బసవపున్నయ్య అతడి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ, "ఇదంతా ఎందుకు చెప్పు, ఈ ముసలి వయసులో," అన్నాడట. అప్పుడు దేవ్‌సింగ్ పాగా విప్పాడు.

గట్టు మీదివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఏడుస్తున్న పసిపిల్ల నోటికి తల్లి రొమ్ము అందించింది. అతడు కొసను పళ్ళ మధ్య పెట్టుకొన్నాడు. రెండు చేతులూ పైకి ఎత్తాడు. ఒక చుట్టు పడింది. రెండవ చుట్టు సగంలో కుడి చెయ్యి కిందికి జారింది. గుడ్డ భుజం మీదుగా నేలకు వేలాడింది. ఎడమ చెయ్యి కొంతసేపు తల మీదే ఉండి, అదీ దిగింది. మనిషి మాత్రం పడలేదు, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి అలాగే నిలబడి ఉన్నాడు.

"ఇంత సేపు ఎన్నడు పట్టలే," అన్నాడు జైరాం గొణుగుతూ.

"నోరు మూయి," అన్నాడు పక్కన ఉన్న లాలు. "ఎంత పెద్ద కోపమో చూస్తలేవా. అది దిగాలె గదా. నాయక్ చుట్టుకోలే ఇంక."

బసవపున్నయ్య ఆ కట్టుబాటు ఎరగడు. వాళ్ళ వైపున తలపాగా తీసి పెద్దమనిషి ఎదుట నిలబడితే లొంగిపోయినట్టే లెక్క. అతడు ఆ బోడితలనూ, వేలాడుతున్న గుడ్డనూ చూశాడు. మొహం మెత్తబడింది. "సరేలే నాయకా, ఇదొక్కటి చాలు," అని, వెనక్కి తిరిగి డ్రైవర్లకు చెయ్యి ఊపాడు.

తండావాళ్ళు చేతి సైగ కోసమే చూస్తున్నారు. ఆ సైగ వచ్చింది గాని, చెయ్యి దేవ్‌సింగ్‌ది కాదు. రెండు ట్రాక్టర్లూ అతడికి అటూ ఇటూగా చేనులో దిగాయి. నిలువెత్తు మొక్కజొన్న, కంకులలో పాలు పట్టిన పంట, చాలు వెంట చాలు పడిపోయింది. జైరాం రెండుసార్లు కదలబోయాడు. రెండుసార్లూ పెద్దవాళ్ళు అతడి రెక్క పట్టుకొని ఆపారు. అన్నేళ్ళుగా ఆ మనిషి ఆగమన్నప్పుడు ఆగి ఎన్నడూ నష్టపోలేదు. ఆగడమే వాళ్ళకు తెలిసిన ధైర్యం.

ద్వాలి ఆ పొద్దున వాగుకు పోయింది. నీళ్ళ బిందెతో ఎదురు దిక్కు నుంచి వచ్చింది గనుక అందరిలో ఆమెకు ఒక్కతెకే అతడి ముఖం కనిపించింది. మూతి ఒక పక్కకు వంగి ఉన్నది. గుడ్డ కొస మీద చొంగ కారుతున్నది. కళ్ళు ఆమెను చూశాయి. ఆమె బిందె వదిలేసి పరుగెత్తి, గట్టు మీదివాళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో అరిచింది. అప్పటికి దున్నడానికి మిగిలింది ఏమీ లేదు.

"గప్పుడు ఉరికినం సారూ," అన్నాడు జైరాం. "చేను కోసం కాదు, ఆయన కోసం. చేను అయిపోయింది."

మంచం మీద ములకలపల్లికి, అక్కడినుంచి బస్సులో కొత్తగూడేనికి తీసుకొనిపోయారు. మెదడులో నరం చిట్లిందని డాక్టరు చెప్పాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మర్నాడు గిర్దావరు వచ్చాడు. దున్నిన నేలనూ, బసవపున్నయ్య తెచ్చి దింపించిన విత్తనాల బస్తాలనూ చూశాడు, చూసినది రాసుకొన్నాడు. అతడిని తప్పు పట్టడానికి కూడా వీలులేదు. తండాలో ఎవరూ అతడికి ఎదురు మాట్లాడలేదు. మాట్లాడవలసిన మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. జైరాం తరువాత కొన్ని నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అరిచాడు, ఒకసారి ఒక గుమాస్తా బల్ల తన్నాడు, దానికి లాకప్పులో పడ్డాడు. భూమి రాలేదు.

దేవ్‌సింగ్‌ను ఇంటికి తెచ్చిన తరువాత కొత్త బాధ ఒకటి బయటపడింది. అతడికి నవ్వూ ఏడుపూ తన చేతిలో లేకుండా పోయాయి. మేక పిల్ల అరిచినా ఏడ్చేవాడు. లాలు తల్లి చనిపోయి శవాన్ని ముంగిటి నుంచి తీసుకొనిపోతుంటే పెద్దగా నవ్వాడు. నవ్వుతూ ఎడమ చేత్తో నోరు మూసుకోవడానికి ప్రయత్నించాడు. ఇటువంటి జబ్బులో కొందరికి అలా అవుతుందని, లోపల అనుకొనేది ఒకటి, ముఖం చేసేది ఇంకొకటి అని డాక్టరు మాతో అన్నాడు. లోపల అంతా తెలుస్తూనే ఉంటుందట. ఆ చివరి మాట డాక్టరు చెప్పకుండా ఉంటే బాగుండేది.

తరువాతి వేసవిలో బసవపున్నయ్య బత్తాయి పండ్లు తీసుకొని చూడవచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మంచం పక్కన పీట వేసుకొని కూర్చొన్నాడు.

"నాకు తెలిసిన దగ్గర్నుంచి నిద్రపట్టలేదు నాయకా. ఆ రోజు నీకు అలా అయిందని నాకేం తెలుసు? నువ్వు ఒప్పుకున్నావనే అనుకున్నాను. నా మీద ఏమీ పెట్టుకోకు."

దేవ్‌సింగ్ అతడినే చూశాడు. ఎడమ చెయ్యి మంచం నులకను పట్టుకొన్నది. కడుపు లోపలికి లాగుకొని బిగుసుకోవడం బనియను మీదుగా నాకు కనిపించింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తరువాత అతడు నవ్వాడు. సన్నని గొంతుతో, పసిపిల్లవాడిలాగా, ఆగకుండా నవ్వాడు.

బసవపున్నయ్య ముందు ఉలిక్కిపడి, తరువాత తనూ చిరునవ్వు నవ్వాడు. కళ్ళు తుడుచుకొన్నాడు. "చూశారా మాస్టారూ. మనసులో ఏమీ లేదు. పసివాడి మనసు."

"అది నవ్వు కాదు దొరా," అన్నది ద్వాలి.

"మరేంటమ్మా?"

"కోపం. ఆయనకు కోపమొచ్చింది."

బసవపున్నయ్య నా వైపు చూశాడు. నేను, "అవునండి, ఆమె చెప్పిందే నిజం," అన్నాను. జబ్బు సంగతి వివరించాను. అతడు విన్నాడు. విని, నవ్వుతున్న మనిషిని మళ్ళీ చూసి, తల ఊపాడు.

"ఆయనే నవ్వుతూ వదిలేస్తే మీకెందుకమ్మా అంత కక్ష?" అన్నాడు బాధగా. పండ్ల సంచి మంచం కింద పెట్టి వెళ్ళిపోయాడు. అతడి జీపు వాగు దాటే దాకా ఆ నవ్వు ఆగలేదు.

చీకటి పడుతుండగా జైరాం కూలి పని నుంచి వచ్చాడు. అప్పటికి తండా అంతా కూలికే పోతున్నది. జైరాం చేసేది బసవపున్నయ్య తోటలోనే, జామాయిలు మొక్కలకు గుంతలు తీసే పని.

"దొర వచ్చిండంట గదా. పెద్దబాపు ఏం చేసిండు?"

"నవ్విండు," అన్నది ద్వాలి.

"దొర చూసిండా?"

"చూసిండు. సంతోషపడి పోయిండు."

జైరాం కొంతసేపు గుంజను పట్టుకొని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఆ నెలలోనే అతడు భార్యాబిడ్డలతో మణుగూరు వైపు బొగ్గు పనికి పోయాడు. అతడి వెనుక లాలు కొడుకులు పోయారు, పినపాక వైపు మిరపతోటలకు కొందరు పోయారు. తగవు పడడానికి కూడా మనుషులు మిగలలేదు. పిల్లలు లేరని బడి ఎత్తేసి నన్ను కూసుమంచి పక్కకు మార్చారు.

వెళ్ళేముందు చెప్పిపోదామని వసారాలోకి వెళ్ళాను. దేవ్‌సింగ్ నన్ను చూడగానే బిగ్గరగా ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు నేను వెళ్తున్నందుకో, అప్పుడే ఇంట్లో బిందె కింద పెట్టిన చప్పుడుకో నాకు తెలియలేదు. ద్వాలిని అడగబోయి ఊరుకొన్నాను. ఆమె అతడి మొహం తుడిచి, నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయింది.